కరువు ఒక్కటే చంపదు: మేడారం అడవి చెప్పే వాతావరణ చరిత్ర



వాతావరణ మార్పు అనగానే మనకు పాఠ్యపుస్తకంలోని మంచు ఎలుగుబంటి బొమ్మ గుర్తుకొస్తుంది. అదేదో ఉత్తర ధ్రువం దగ్గర జరుగుతున్న సంగతని, పెద్ద దేశాల పెద్ద మనుషులు సమావేశాలు పెట్టి మాట్లాడుకునే విషయమని అనుకుంటాం. కానీ వాన, ఎండ, గాలి మనిషి బతుకును ఎలా మలుపు తిప్పుతాయో తెలుసుకోవడానికి మనం అంత దూరం పోనక్కర్లేదు. మన అతి పెద్ద జాతర వెనుక ఉన్న కథే ఒక కరువుతో మొదలవుతుంది. భూగోళాన్ని వేడెక్కిస్తున్న బొగ్గు మన ఊళ్ల కిందే ఉంది. కోట్ల ఏళ్ల కిందటి ఒక మహాఖండానికి మన జాతి పేరే పెట్టారు. కాబట్టి ఈ చరిత్రను మేడారం అడవిలో నిలబడి చదువుకుందాం.

గోండ్వానా: ఖండానికి మన పేరు

గోదావరి లోయలోని బొగ్గు పొరలనూ వాటితో కలిసి ఉన్న రాళ్లనూ శాస్త్రవేత్తలు 'గోండ్వానా శిలలు' అంటారు. భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన హెన్రీ మెడ్లికాట్ 1872లో ఈ పేరు వాడాడు. మధ్య భారతంలోని గోండుల నేలలో ఆ రాళ్లు దొరికాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ తర్వాత 1885లో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్యూస్ ఒక ప్రాచీన మహాఖండాన్ని ఊహించి దానికి 'గోండ్వానాలాండ్' అని పేరు పెట్టాడు. భారతదేశం, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకప్పుడు ఒకే నేలగా ఉండేవని ఇప్పుడు ప్రపంచంలోని ప్రతి విద్యార్థీ చదువుతాడు. ఆ పాఠంలో మన పేరు ఉంది.

ఆ కాలంలో ఇక్కడ గ్లోసోప్టెరిస్ అనే చెట్ల అడవులు ఉండేవి. దాని ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది. ఆ చెట్లు గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని పెరిగాయి, బురదనేలల్లో కూలి పూడుకుపోయాయి. కోట్ల ఏళ్ల ఒత్తిడికి బొగ్గుగా మారాయి. అంటే బొగ్గు అంటే వేరే ఏమీ కాదు, భూమి దాచిపెట్టుకున్న పాత గాలి.

సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట సైబీరియాలో భారీగా లావా పొంగింది. ఆ లావా బొగ్గు పొరల గుండా కూడా ఎగజిమ్మింది. గాలిలో కార్బన్ డయాక్సైడు పెరిగింది, భూమి వేడెక్కింది, సముద్రాల నీరు ఆమ్లంగా మారి అందులో ఆక్సిజన్ తగ్గిపోయింది. సముద్రంలోని జీవజాతుల్లో నూటికి ఎనభైకి పైగా అంతరించాయి. నేల మీద గ్లోసోప్టెరిస్ అడవులూ కనుమరుగయ్యాయి. భూమి చరిత్రలో ఇంతకన్నా పెద్ద వినాశనం లేదు.

దీని నుంచి ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. భూమికి వేడి కొత్త కాదు, చలి కొత్త కాదు. భూమి అన్నిటినీ తట్టుకుంది. తట్టుకోలేకపోయింది దాని మీద ఉన్న జీవులు. మార్పు ఎంత వేగంగా వస్తే ప్రాణులకు అంత కష్టం. నాడు వేల ఏళ్ల పాటు అగ్నిపర్వతాలు చేసిన పనిని నేడు మనిషి రెండు వందల ఏళ్లలో చేస్తున్నాడు.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్టు గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. అదే నేటి సింగరేణికి పునాది. కోయ పల్లెల కింద నిద్రపోతున్న పాత గాలి అప్పటి నుంచి పొగగొట్టాల గుండా మళ్లీ ఆకాశంలోకి పోతోంది.

సమ్మక్క కథలో కరువు

ఇక మనకు తెలిసిన కథకు వద్దాం. పగిడిద్దరాజు మేడారం దొర. కాకతీయులకు కప్పం కట్టే సామంతుడు. వరుసగా వానలు లేక పంటలు పోయాయి. కప్పం కట్టలేకపోయాడు. ఓరుగల్లు సేన అడవి మీదికి వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు పోరాడి నేలకొరిగారు. ఓటమిని భరించలేక జంపన్న సంపెంగవాగులో దూకాడు, అది జంపన్నవాగు అయింది. సమ్మక్క గాయాలతోనే చిలకలగుట్ట వైపు నడిచి అదృశ్యమైంది. వెతికిన వాళ్లకు కుంకుమ భరిణె దొరికింది.

ఈ కథకు శాసనం లేదు. డోలి కళాకారుల గొంతులో, పడిగెల మీది బొమ్మల్లో, ఇలవేల్పుల కథల్లో అది నిలిచి ఉంది. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ భాషలోనూ తెలుగులోనూ ఈ కథలు పాడేవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. కాగితం మీద రాయలేదు కాబట్టి అది చరిత్ర కాదు అనేవాళ్లకు జవాబు ఒకటే: వాన పడని ఏడును ఎక్కువ కాలం గుర్తుపెట్టుకునేది రాజుగారి శాసనం కాదు, ఆకలితో ఉన్న ఇల్లు.

కాగితం లేకపోయినా రాయి మీద రాత ఉంటుంది. బస్తర్‌లో, కాంగేర్ లోయలో దండక్ గుహ ఉంది. గోదావరికి అవతల మన చుట్టాలు ఉండే నేల అది. గుహ పైకప్పు నుంచి నీటి బొట్లు పడి పడి కింద సున్నపు స్తంభాలు పెరుగుతాయి. వాన బాగా పడిన ఏళ్లలో ఆ నీటిలో తేలిక రకం ఆక్సిజన్ పాలు ఎక్కువ, వాన తక్కువైన ఏళ్లలో బరువు రకం పాలు ఎక్కువ. ఆ తేడా పొరపొరనా రాతిలో నిలిచిపోతుంది. చెట్టు మొద్దులో వలయాలు చూసి వయసు చెప్పినట్టే, ఆ పొరలు చూసి వానల చరిత్ర చెబుతారు. దండక్ గుహ రాతి నుంచి క్రీ.శ. 600 నుంచి 1500 వరకు వానల లెక్క తీసి 2007లో ప్రచురించారు. 14వ శతాబ్దంలోనూ 15వ శతాబ్దం మధ్యలోనూ రుతుపవనాలు ఏళ్ల తరబడి బలహీనపడిన సందర్భాలు అందులో కనబడ్డాయి.

సమ్మక్క కాలపు కరువు ఇదే అని ఆ రాయి చెప్పడం లేదు. అలా చెప్పేస్తే అది చరిత్ర కాదు. కానీ ఏళ్లకు ఏళ్లు వానలు మొహం చాటేసే కాలాలు ఈ అడవుల్లో నిజంగానే వచ్చాయని, మన పెద్దలు పాడింది గాలి కబురు కాదని అది చెబుతోంది.

ఆ కథలో ఇంకో సంగతి ఉంది. సారలమ్మను చంపింది కరువా? కాదు. వానలు లేని ఏడు అడవిలో గడ్డలు తవ్వుకుని, ఇప్పపువ్వు వండుకుని, వాగులో చేపలు పట్టుకుని బతికే తెలివి మన వాళ్లకు ఉంది. కరువుకు కప్పం తోడైంది. ఆకాశం వాన ఆపేసినా రాజు వసూలు ఆపలేదు. కరువు మీద కప్పం పడినప్పుడు జనం చచ్చిపోయారు. తర్వాతి చరిత్రను కూడా ఈ కొలతతోనే చూడాలి.

ధాత కరువు, అడవికి కంచె

1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని ఊడ్చిపెట్టిన కరువును తెలుగువాళ్లు 'ధాత కరువు' అన్నారు, అది ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి. దేశం మొత్తం మీద 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. దానికి ఆకాశంలో కారణం ఉంది. పసిఫిక్ మహాసముద్రపు నీరు కొన్నేళ్లకొకసారి మామూలుకన్నా వేడెక్కుతుంది. దాన్ని ఎల్‌నినో అంటారు. అప్పుడు గాలుల దారి మారి మన రుతుపవనాలు తరచూ దెబ్బతింటాయి. 1877లో చాలా బలమైన ఎల్‌నినో వచ్చింది. ఈ సంబంధం ఆనాడు ఎవరికీ తెలియదు. భారత వాతావరణ శాఖ అప్పటికి కొత్తగా 1875లోనే పుట్టింది. 1904 నుంచి ఆ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ మన వానలను ముందుగా చెప్పే దారి వెతుకుతూ, మహాసముద్రాల మీది గాలి పీడనాల మధ్య ఉయ్యాల లాంటి సంబంధాన్ని కనిపెట్టాడు.

నేల మీద కూడా కారణం ఉంది. జనం ఆకలితో చస్తున్నా ధాన్యం రైళ్లలో, ఓడల్లో బయటికి పోతూనే ఉంది. వ్యాపారానికి అడ్డు చెప్పకూడదన్నది ఆనాటి ప్రభుత్వ సిద్ధాంతం. మళ్లీ అదే లెక్క: ఆకాశం సగం, అధికారం సగం.

ఆ కరువు దాటిన వెంటనే అడవికి కంచె పడింది. 1879లో గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు లేచింది. మన్సబుదారు దోపిడీ, కల్లు మీద వేసిన పన్ను, అడవి వాడకం మీద ఆంక్షలు దానికి కారణాలు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు నేరమైంది, పశువుల మేతకు రుసుము వచ్చింది. నిజాం ఇలాకాలోనూ రిజర్వు ఫారెస్టు గీతలు ఊళ్ల మధ్యలోంచి పోయాయి. 1922లో మన్యంలో అల్లూరి సీతారామరాజుతో కలిసి నడిచినవాళ్లు, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంతో కలిసి నిలబడినవాళ్లు అడిగింది అడవిలో బతికే హక్కునే.

దీన్ని వాతావరణ చరిత్రగా కూడా చదవాలి. మన పెద్దల పొలంలో ఒకే పంట ఉండేది కాదు. జొన్న, సామ, కొర్ర, చోడి, కంది, అనుములు కలిపి చల్లేవారు. వాన ముందు పడితే ఒకటి, ఆలస్యమైతే ఇంకొకటి చేతికొచ్చేది. అన్నీ పోతే అడవి ఉండేది. బీమా కంపెనీ లేని రోజుల్లో అదే మనకు బీమా. అడవికి కంచె వేసిన రోజున ఆ బీమా రద్దయింది. అప్పటి నుంచి వాన తప్పిన ఏడు ఆదివాసీ వెళ్లాల్సి వచ్చింది షావుకారు గుమ్మానికి.

గాలిలో పెరిగిన లెక్క

భూమి ఎందుకు వేడెక్కుతోందో శాస్త్రవేత్తలకు కొత్తగా తెలిసింది కాదు. 1856లో అమెరికాకు చెందిన యూనిస్ ఫుట్ అనే మహిళ గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెట్టి, కార్బన్ డయాక్సైడు ఎక్కువ వేడెక్కుతుందని చూపింది. 1859లో జాన్ టిండాల్ ఆ వాయువు వేడిని ఎలా పట్టి ఉంచుతుందో కొలిచాడు. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త అర్రీనియస్ అది పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో లెక్క కట్టాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద రోజూ కొలవడం మొదలుపెట్టాడు.

యంత్రాల కాలానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు కార్బన్ డయాక్సైడు ఉండేది. కీలింగ్ మొదలుపెట్టినప్పుడు 315 దాకా ఉంది. ఇప్పుడు 420 దాటింది. కొలతలు మొదలైన తర్వాత అన్నిటికన్నా వేడి సంవత్సరం 2024. ఆ ఏడు భూమి సగటు వేడి 1850–1900 నాటి కన్నా సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. మన దేశంలో 1901 నుంచి 2018 మధ్య సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951 నుంచి 2015 మధ్య హిందూ మహాసముద్రపు ఉష్ణమండల జలాలు దాదాపు ఒక డిగ్రీ వేడెక్కాయి.

ఒక డిగ్రీకే ఇంత మాటా అనుకోవద్దు. ఒంటికి ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే జ్వరం అంటాం కదా. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. మోసినదంతా ఎక్కడో ఒకచోట ఒక్కసారిగా దించుతుంది. అందుకే మొత్తం వాన తగ్గినా కుంభవృష్టి పెరుగుతుంది. గుజరాత్ నుంచి ఒడిశా వరకు, మన తెలంగాణ, ఛత్తీస్‌గఢ్‌లతో సహా మధ్య భారతంలో, విస్తారంగా కురిసే అతిభారీ వర్షాలు 1950 నుంచి 2015 మధ్య మూడు రెట్లు పెరిగాయని 2017లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది.

జంపన్నవాగు పొంగిన రోజు

2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో నమోదైన ఒక్కరోజు వానల్లో అదే అత్యధికం. అంతకు ముందు రికార్డు కూడా మన దగ్గరిదే, 2013 జులైలో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లు. 649.8 మిల్లీమీటర్లంటే ఒక్క ఎకరం మీద 26 లక్షల లీటర్ల నీళ్లు. ఆ నీళ్లకు జంపన్నవాగు కట్టలు తెంచుకుంది. ఏటూరునాగారం మండలం కొండాయి మునిగిపోయింది. వాగు మీది వంతెన కొట్టుకుపోయింది. మన వాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కరువు నాడు జంపన్నను కలుపుకున్న వాగు, వరద నాడు ఊరినే ఈడ్చుకుపోయింది.

2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి–మేడారం అడవిలో పెనుగాలి లేచింది. కొద్దిసేపట్లో 50 వేలకు పైగా చెట్లు కూలాయని అటవీ శాఖ అంచనా వేసింది. గాలి ఊళ్ల మీదికి మళ్లకపోవడం తల్లుల చలవే అని చుట్టుపక్కల జనం చెప్పుకున్నారు.

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. జరిగిన ప్రతిదాన్నీ వాతావరణ మార్పు ఖాతాలో వేయకూడదు. 2024 డిసెంబరు 4న మేడారం అడవుల్లో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. దానికీ గాలి వేడికీ సంబంధం లేదు, అది నేల లోపలి సంగతి. భద్రాచలం దగ్గర గోదావరి 2022 జులైలో 71.3 అడుగులకు పెరిగింది. కానీ 1986 ఆగస్టులో అంతకన్నా ఎక్కువగా 75.6 అడుగులకు వచ్చింది. అంటే పెద్ద వరదలు మునుపూ ఉన్నాయి. ఒక్క వరదను, ఒక్క గాలిని చూసి తీర్పు చెప్పలేం. పదుల ఏళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే దారి కనిపిస్తుంది. ఆ దారి వేడి వైపు, కుంభవృష్టి వైపు పోతోంది. వాదించేటప్పుడు మన దగ్గర నిజం ఎంత ఉందో అంతే మాట్లాడితే మన మాటకు బలం ఉంటుంది.

అడవి పంచాంగం తప్పితే

మన పండుగలు గోడ మీది క్యాలెండరును చూసి రావు. విత్తనాల పండుగ చేసుకుని గింజ నేలలో వేస్తాం. కొత్తల పండుగ చేసుకోకుండా కొత్త పంట నోట్లో పెట్టం. మామిడికాయనైనా వేల్పుకు చూపించే తింటాం. ఇది మూఢనమ్మకం కాదు. కాయ ముదరకముందే కోయకుండా, విత్తనం మిగలకముందే తినకుండా ఊరంతటికీ పెట్టుకున్న కట్టుబాటు.

ఆ కట్టుబాటు రుతువును నమ్ముకుని ఉంది. ఇప్పపువ్వు ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున రాలుతుంది. ఏరి ఎండబెట్టే ఆ కొద్ది రోజుల్లో అకాల వాన పడితే పువ్వు నల్లబడి బూజు పడుతుంది. తునికాకు ఏప్రిల్, మే నెలల్లో కోస్తాం. వడగళ్లు పడితే ఆకు చిల్లులు పడి కట్ట ధర పోతుంది. చింత పూత మీద, తేనెపట్టు మీద కూడా ఇదే దెబ్బ. పైగా తునికాకు కోసేది మండే ఎండలో. మన అమ్మలు, అక్కలు ఎండ దెబ్బను లెక్క చేయకుండా అడవికి పోతారు, ఎందుకంటే ఆ నెల డబ్బుతోనే పిల్లల పుస్తకాలు, విత్తనాలు.

ఈ వేడికి మన గూడేల వాటా ఎంత? విమానం ఎక్కనివాళ్లం, ఏసీ లేనివాళ్లం. మన కింది బొగ్గుతో వెలిగింది పట్నం దీపాలే. కానీ వాగు పొంగితే ముందు మునిగేది మన ఊరు. నాడు కరువుకు కప్పం తోడైనట్టే, నేడు వేడికి అన్యాయం తోడైంది.

యువత ముందున్న పని

చరిత్ర చదివి ఊరుకుంటే ఉపయోగం లేదు. మన చేతుల్లో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, పెద్దల జ్ఞాపకాన్ని రాసిపెట్టడం. ఏ చెట్టు ఎప్పుడు పూసేది, ఏ పక్షి కూస్తే వాన వచ్చేది, ఏ ఏడు వాగు ఎక్కడిదాకా వచ్చింది అని మన తాతలను, అవ్వలను అడిగి కోయ మాటల్లోనే ఫోనులో రికార్డు చేయండి. ఒక డోలి కళాకారుడు పోతే ఒక గ్రంథాలయం పోయినట్టే.

రెండోది, కొలవడం. ప్రతి గూడెంలోనూ బడి పిల్లలతో ఒక వానకొలత పాత్ర పెట్టించండి. రోజూ నోటు పుస్తకంలో రాయించండి. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం మన దండక్ గుహ అవుతుంది. వరద ఎక్కడిదాకా వచ్చిందో బడి గోడ మీద గీత గీసి తేదీ వేయండి.

మూడోది, విత్తనం. సామ, కొర్ర, చోడి, పాత జొన్న రకాలు ఏ ఇంట్లో మిగిలి ఉన్నాయో వెతికి పంచుకోండి. ఒక్క పత్తినే నమ్ముకున్న పొలానికి ఒక్క వాన చాలు.

నాలుగోది, హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తిగత పట్టాలతో పాటు ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు కూడా గ్రామసభకు ఇచ్చింది. 1996 పెసా చట్టం గ్రామసభ మాటకు విలువ ఇచ్చింది. చదువుకున్న మీరు ఆ దరఖాస్తులు నింపండి, సరిహద్దులు నడిచి గుర్తించండి. కూలిన అడవి మళ్లీ లేవాలంటే దాని పక్కన బతికేవాళ్లకు దాని మీద హక్కు ఉండాలి.

ఐదోది, ప్రాణరక్షణ. వాన హెచ్చరిక, పిడుగుల గురించి చెప్పే 'దామిని' యాప్ సమాచారం ఫోను లేని ఇంటికి కూడా చేరేలా చూడండి. వాగు ఒడ్డు ఊళ్లలో రాత్రి పూట ఎవరు ఎవరిని లేపాలో, ముసలివాళ్లను ఎటు తీసుకుపోవాలో వానాకాలానికి ముందే కూర్చుని మాట్లాడుకోండి.

వాన రావడం, రాకపోవడం సమ్మక్క చేతిలో లేదు. తలవంచాలా, నిలబడాలా అన్నది ఆమె చేతిలో ఉంది. ఆమె నిలబడింది. అందుకే రెండేళ్లకోసారి కోటి మంది బంగారమని పిలిచే బెల్లం నెత్తిన పెట్టుకుని ఆ గద్దెల దగ్గరికి వస్తున్నారు. రాబోయే ఎండలను, వరదలను మన తరం పూర్తిగా ఆపలేదు. కానీ అవి వచ్చినప్పుడు మన చేతిలో విత్తనం, అడవి మీద హక్కు, ఊరిలో ఐకమత్యం ఉన్నాయా లేవా అన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

జై సేవ! జై ఆదివాసీ!